పసుపు చేపకు పూటకో మగ్గు

ప్రణవి చేపల తొట్టి అద్దం తుడుస్తోంది. రోజూ సాయంత్రం అది ఆమె పని.

లోపల పసుపు చేప రాయి పక్కన నిలబడి ఉంది. దాని గొంతు ఉబ్బి ఉంది. నోట్లో గుడ్లు దాచుకుందనీ, అవి పిల్లలై బయటికి వచ్చేదాకా ఏమీ తినదనీ విజయేందర్ కాక చెప్పాడు. కాక నాన్నకు తమ్ముడు. ఈ ఆఫ్రికా చేపలు ఆయనవే.

వంటింట్లో నాయనమ్మ విసుక్కుంటోంది.

"పాడు బోరు నీళ్లు. ఎంతసేపైనా పప్పు ఉడుకుతలేదు."

ప్రణవి చెయ్యి ఆగింది. కాక తొట్టిలో పోసేదీ ఆ బోరు నీళ్లే. పప్పే ఉడకని నీళ్లలో పాపం తల్లి చేప ఎలా ఉంటుంది?

సగం తొట్టి తోడి పారబోసింది. తాగడానికి తెప్పించిన క్యాన్ నీళ్లు చెంబుతో పోసి నింపింది.

కాక అబిడ్స్‌లోని తన దుకాణం నుంచి దాహంతో వచ్చాడు.

"క్యాన్ ఖాళీగున్నదేంది?"

"చేపలకు పోసిన కాకా. మంచి ఫిల్టర్ నీళ్లు."

"మరి నేనేం తాగాలె? తొట్టిల స్ట్రా పెట్టుకోవాల్నా?"

నవ్వుతూ తొట్టి వైపు తిరిగిన కాక నవ్వు ఆపేశాడు. పసుపు చేప రంగు వెలిసిపోయింది. మొప్పలు గబగబా కదులుతున్నాయి.

ఆయన చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, నీటి పరీక్ష మందు చుక్కలు వేశాడు. ఎప్పుడూ నీలంగా మారే నీళ్లు ఇవాళ పసుపుగా మారాయి.

"పీహెచ్ పడిపోయింది, నీళ్లల్ల క్షారం తగ్గింది. ఆఫ్రికాల వీటి సరస్సు నీళ్లు మన బోరు నీళ్ల లెక్కనే ఉంటయి. మనకు మంచిగున్న నీళ్లు వీటికి పడవు."

"గుడ్లను ఉమ్మేస్తదా?"

"భయపడితే మింగినా మింగుతది."

ప్రణవి పరుగెత్తి నిండు బకెట్ బోరు నీళ్లు ఈడ్చుకొచ్చింది. కాక బకెట్ పట్టుకున్నాడు.

"ఒక్కసారే మార్చినవనే గద అది గాబరా పడ్డది. మళ్ల ఒక్కసారే మారుస్తవా? పూటకో మగ్గు పొయ్యి."

"ఒక్క మగ్గేనా?"

"ఔ."

మొదట్లో ప్రతిసారీ "ఇంకోటి పొయ్యనా?" అని అడిగేది. కాక తల అడ్డంగా ఊపేవాడు. తర్వాత అడగడం మానేసింది. గొట్టంలో పసుపు మెల్లగా ఆకుపచ్చ అయింది.

ఒక ఉదయం అది నీలంగా మారింది. పసుపు చేప రాయి చాటు నుంచి వచ్చింది. గొంతు ఇంకా ఉబ్బే ఉంది.

"ప్రణవీ, స్కూల్ ఆటో వచ్చింది. ఇంకా నిద్రపోతున్నవా?" కింద నుంచి పక్కింటి ప్రణయ్ కేకేశాడు.

రోజూ అయితే నాంపల్లి గల్లీ అంతా వినపడేలా జవాబిచ్చేది. ఇవాళ నోరు తెరవబోయి, తొట్టి వైపు చూసింది. పసుపు చేపలాగే నోరు మూసి బుగ్గలు పూరించింది. బూట్లు చేతిలో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్లిపోయింది.