వీడ్కోలు మీట

కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఇందుమతి తన కోడలి మీద మొదలుపెట్టిన సంగతి ఇంకా సగంలోనే ఉంది. అంతలో వాగ్దేవి ఇల్లు నోరు విప్పి, "బండి గుమ్మంలో ఉందండీ" అంది.

"చూశావా, ఈ ఇల్లు నిన్ను కూర్చోనివ్వదు" అంది వాగ్దేవి, రోజూ అనే మాటే.

రోజూ అయితే ఇందుమతి నవ్వి, మిగతా సంగతి మర్నాటికి దాచుకుని చెప్పులేసుకునేది. ఇవాళ నవ్వలేదు. స్నేహితురాలి మొహంలోకి ఓసారి తేరిపార చూసి, "వస్తానే" అని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆ కాలానికి కాకినాడలో ఇళ్ల పనులన్నీ పొట్లాలనే యంత్రపు రాతలే చూసుకునేవి. అన్నం వండడానికో పొట్లం, మొక్కలకు నీళ్లు పెట్టడానికో పొట్లం, వచ్చినవాళ్లను సాగనంపడానికి ఇంకోటి. ఏ ఇంటికి ఏవి కావాలో తెచ్చి, అవి ఒకదానితో ఒకటి తగువు పడకుండా అమర్చేదాన్ని పేర్పరి అనేవారు. పేర్పరి ఎవరి సొత్తూ కాదు. దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉండేది. చేతనైనవాళ్లు సవరణ పంపితే, సంరక్షకులు చూసి సరేనంటే, అది లోకమంతా చేరేది. వాగ్దేవి ఆ సంరక్షకుల్లో ఒకతె.

బండ్లు ఊరందరికీ ఉమ్మడి కాబట్టి, అతిథి వచ్చిన ముప్పావు గంటకల్లా బండిని పిలవాలని పూర్వం ఎవరో పేర్పరిలో రాసేశారు. ఇళ్లవాళ్లకు దాన్ని మార్చుకునే వీలు లేదు. బండ్లు పెరిగి ఆ అవసరం తీరిపోయినా రాత మాత్రం అలాగే ఉండిపోయింది. మనిషి ఎంతసేపు కూర్చోవాలో చెప్పడానికి ఇదెవరని వాగ్దేవికి ఒళ్లు మండేది. చివరికి ఆ ముప్పావు గంట ఉన్నచోట ఒక మార్పుమీట చేర్చింది. ఎవరింట్లో వాళ్లు దాన్ని పది నిమిషాలకైనా తిప్పుకోవచ్చు, అసలు పిలుపే లేకుండానైనా పెట్టుకోవచ్చు. ముట్టుకోనివాళ్లకు పాత పద్ధతే. చేర్చినవారి పేరు మీట కింద కనబడటం పేర్పరి ఆచారం కాబట్టి, ఇంటింటా వాగ్దేవి పేరు వెలిసింది.

జనం దీన్ని ఎలా తిప్పుకుంటారోనని ఆమెకు ఒకటే కుతూహలం. తీరా వచ్చినవన్నీ వింత కబుర్లు. మీట ఎంతకు తిప్పావన్న పట్టింపుతో గుంటూరులో ఇద్దరు వియ్యపురాళ్లకు మాటల్లేవు. బొబ్బిలి నుంచి ఒకాయన, ఇన్నాళ్లూ తప్పు ఇంటి మీదకు నెట్టి బతికిపోయానని, ఇప్పుడు మా బావ ఎంతకు పెట్టావని నిలదీస్తున్నాడని, దయచేసి ఆ మీట పీకేయమని మొరపెట్టుకున్నాడు. రాతలో తప్పెక్కడుందోనని వాగ్దేవి మళ్లీ మళ్లీ వెతికింది. అక్షరం కూడా తేడా లేదు. ఈ సందడిలో తన ఇంటి మీటను తాను ముట్టుకోలేదని మాత్రం తట్టలేదు.

తట్టిన రోజున జగన్నాథపురం వంతెన దాటి ఇందుమతి ఇంటికి వెళ్లింది.

ఇందుమతి ఆదరంగానే కూర్చోబెట్టి జంతికలు పెట్టింది. కబుర్లు నడిచాయి, అయిపోయాయి. ఇల్లు మాత్రం పలకలేదు. ఎప్పుడు లేవాలో వాగ్దేవికి తెలియలేదు. ఇంత వయసొచ్చి, ఒకరింట్లోంచి తనంతట తాను లేచి రావడం చేతకాదని అప్పుడే తెలిసి సిగ్గేసింది.

"మీ ఇల్లు బండిని పిలవదా?" అంది చివరికి.

"పిలుపు తీసేశాను. నీ పేరే ఉంది కదే దాని కింద. పెట్టినదానివి నువ్వే తిప్పుకోలేదు. ఇన్నాళ్లూ నన్ను పంపేది ఇల్లే అనుకున్నాను."

మర్చిపోయానని వాగ్దేవి ఒట్టు పెట్టబోయింది. సగమే నిజమైన మాటకు ఒట్టెందుకని ఆగింది. ఒక్కోరోజు ఆ పిలుపు వింటే తనకు హాయిగానే ఉండేదని ఒప్పేసుకుంది. కోడలితో పడక ఇందుమతికి ఇంట్లో ఊపిరాడదని, పాపం, వచ్చినదాన్ని కాదనకూడదని ఓర్చుకునేదాన్నని కూడా చెప్పేసింది.

ఇందుమతి జంతికల పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అంది: "మా కోడలు నేనెక్కడికైనా వెళ్తే గోల పెడుతుంది, భోజనం వేళకి ఇంట్లో ఉండరేంటి అత్తయ్యా అని. దాని సంగతులు చెప్పేది నిన్ను నవ్వించడానికే. మీ ఆయన పోయాక నువ్వు గోడలతో మాట్లాడుకుంటున్నావని నేనే మనసొప్పక వచ్చేదాన్ని. ముప్పావు గంటే కదా అని."

జాలిపడింది తనేననుకుంది వాగ్దేవి ఇన్నేళ్లూ. కోపం రావాలి గాని ఏడుపొచ్చింది. లేచి, బండిని తనే పిలుచుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

"రేపు వస్తావా?"

"ఎందుకు రావాలో చెప్పు. జాలితో అయితే ఇక రాను."

ఆ మీట ఎందుకో లోకానికి పేజీలకు పేజీలు వివరించిన మనిషికి ఈ జవాబు మాత్రం ఎంతకీ నోట రాలేదు. బండి వచ్చి తలుపు తెరుచుకుని నిలబడింది.

"నువ్వు రాకపోతే నాకు తోచట్లేదే" అంది వాగ్దేవి.

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ ముక్క ఏనాడైనా అనుంటే, నేను బండి ఎక్కేదాన్నా?"