మెడలో అక్క

జమ్మలమడుగు దాటినాక, మెయిన్ రోడ్డు దిగి పల్లెలోకి మళ్లే చోట ఒక పాత నాపరాయి గని ఉంది. రాయి అయిపోయింది, కూలోళ్లు వెళ్లిపోయారు, వాన నీళ్లు మాత్రం మిగిలాయి. నిలువునా కోసిన రాతి గోడలు, నడుమ నల్లటి నీళ్లు. పగలు చూస్తే మామూలు గుంతే. పొద్దు గుంకినాక దాని పేరెవరూ ఎత్తరు. ఎత్తాల్సి వస్తే సుబ్బమ్మ గుంత అంటారు — అదీ గొంతు తగ్గించి.

ఆ మలుపులో మగవాడు ఒక్కడే పోతే ఏమీ కాదంట. వెనక ఆడమనిషిని ఎక్కించుకున్న వాడికే గండం. దారంతా ఎన్ని కబుర్లాడుకుంటూ వచ్చినా, గుంత దగ్గర మాత్రం నోరు మూసుకోవాలి. తల తిప్పకుండా వెనకామెను ఏదైనా అడిగితే... బదులు వస్తుంది. కానీ అది వెనకామె గొంతు కాదు.

"నిజమో అబద్ధమో ఎవురికి తెలుసు? ఆడ అడిగి చూసినోడు ఎవుడూ లేడు గదా" అని ఆటో గఫూర్ నవ్వుతాడు. నవ్వుతాడు గాని, ఆ మలుపు రాగానే అతనూ పాటలు కట్టేస్తాడు.

ఈ కథ హనాది.

హనా జపాన్ పిల్ల. ఒక ఏడాది రాళ్ల చదువు చదువుకోవడానికి ప్రొద్దుటూరు కాలేజీకి వచ్చింది. హాస్టల్లో ఉంటే పుస్తకాలే వస్తాయి, ఇంట్లో ఉంటే మనుషులు కూడా వస్తారని, కాలేజీ వాళ్లు ఆమెను ఓబుళరెడ్డి ఇంట్లో ఉంచారు. రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆయనది. పెద్ద ఇల్లు. ఇంట్లో ఆయనా, భార్య తులశమ్మా. పిల్లల్లేరు.

పల్లెలో హనా పేరు మొదటి వారంలోనే హనమ్మ అయింది. తొలిరోజు రాత్రి రాగిసంగటి ముద్దను బుద్ధిగా నములుతూ కూర్చుంటే తులశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నమలొద్దమ్మీ, మింగు! తెల్లారేదాకా నమిలినా అది అట్లే ఉంటాది."

పొద్దున్నే చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి డబ్బాలో పెట్టించుకుని బస్సెక్కేది. ప్రొద్దుటూరులో దిగేసరికి తలకు పెట్టిన ఆముదం నుదుటి మీదికి కారేది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు రెండు నెలలకే ఎగిరిపోయింది. క్లాసులో లేచి నిలబడి "ఈ రాయి శానా పాతది సార్, యాడ దొరికె?" అని అడిగితే బెంచీలన్నీ గొల్లుమన్నాయి.

తులశమ్మను మొదట్లో మేడమ్ అనేది. "మేడమేంది, అక్కా అను" అందామె. హనా అలాగే పిలిచింది. అంతే, ఓబుళరెడ్డి అందుకున్నాడు.

"ఆమె నీకు అక్కయితే నేను బావనే గదా? ఏం మరదలు పిల్లా!"

ఆ మాటకు ఇంటికొచ్చిన వాళ్లంతా నవ్వారు. హనా కూడా నవ్వింది. ఒక్క పిలుపుతో ఈ ఊళ్లో ఒక మగవాడికి ఎన్ని సరసాలు చెల్లుతాయో ఆమెకు తెలియదు. తులశమ్మ మాత్రం నవ్వలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మిద్దె మీద హనా తలకు నూనె రాస్తూ తులశమ్మ ముందుకు వంగింది. పుస్తెల పక్కన ఇంకో నల్లపోగు. దానికి గోరంత బంగారు బిళ్ళ, బిళ్ళ మీద ఆడబొమ్మ.

"ఇది ఏ దేవత అక్కా?"

"దేవత కాదు. మా అక్క."

హనాకు అర్థం కాలేదు. తులశమ్మ జుట్టు పాయలు తీస్తూనే చెప్పింది. ఈ సీమలో మొదటి భార్య చచ్చిపోయి మగవాడు ఇంకో పెళ్లి చేసుకుంటే, వచ్చినామె పోయినామె పేరున బిళ్ళ కట్టుకోవాలి. కొత్త చీర ముందు ఆమెకు చూపించాలి. తొలి ముద్ద ఆమెను తలుచుకుని పక్కన పెట్టాలి. అట్లయితేనే చచ్చినామె నిమ్మళంగా ఉంటుంది. లేకుంటే కొత్తామెను బతకనియ్యదు.

కాలేజీ స్నేహితులైతే ఈ మాటకు పడీ పడీ నవ్వేవాళ్లే. హనా నవ్వలేదు.

"మా అవ్వ కూడా పొద్దున్నే తాత ఫొటో ముందు అన్నం పెడుతుంది. పొగలు పోకముందే. ఈ రోజు చలి అని ఆయనకు చెబుతుంది."

"మంచి ముసల్ది" అని తులశమ్మ జడ ముగించింది. తర్వాత చేతులకున్న నూనె కాళ్లకు పూసుకుంటూ అంది.

"అక్కంటే వరసకు కాదు హనమ్మా. నాగసుబ్బమ్మ... నా తోడబుట్టింది. అక్క పోతే చెల్లెల్ని అదే ఇంటికి ఇచ్చిరి. గని గుంతలో కాలు జారె అని ఆయప్ప, మీ బావ, చెప్పె. అందరూ అయ్యో అనిరి. నేనూ అంటి. పెండ్లయినాక, ఒకనాడు బిందె ముంచుతా ఉంటే తట్టె... మా తొండూరు బాయిలో నాకు ఈత నేర్పింది మా అక్కే గదా? గట్టు మీంచి తలకిందులుగా దూకేది. అట్లాంటిది నీళ్లల్లో ఎట్ల సచ్చె?"

"అడగలేదా?"

"ఎవురిని అడగాల? చూసినోడు ఒక్కడే. వాని నోట్లోంచే రావాల. ఆ ఒక్క మాట కోసమే ఈ ఇంట్లో సంగటి కెలుకుతాండా. విన్యాక ఏం చేస్తానో... అది నాకే తెలీదు."

ఆమె బిళ్ళను వేళ్లతో పట్టుకుంది.

"దీన్ని కట్టించింది ఎవురనుకుంటివి? మా అమ్మ కాదు. ఆయప్పే. పీటల మీద ముందు ఇది కట్టించి, ఆ తరవాతనే తాళి కట్టె. ఇప్పటికీ దినామూ చూస్తాడు, ఉండాదా లేదా అని. ఇది నా మెడలో ఉన్నన్నాళ్లూ అక్క బయటికి రాకుండా కట్టేసినట్టు ఉంటాదని ఆయప్ప నమ్మకం."

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కాలేజీలో వార్షికోత్సవం వచ్చింది. ఆ పొద్దున హనా చీర కట్టుకోవడం చేతగాక చుడీదార్‌కే సిద్ధమైంది. గడప దాటబోతుంటే తులశమ్మ పిలిచింది. నల్లపోగు తన మెడలోంచి తీసి హనా మెడలో వేసింది.

"అక్కా! ఇది తీయకూడదు అన్నావు కదా?"

"మా అక్కకు సదువంటే పానం. పదిలోనే మాన్పించిరి పాపం. ఈ పొద్దు కాలేజీ చూసొస్తాది, తీసకపో. చున్నీ కింద పెట్టుకో. ఎవురికీ చూపించాకు."

హనా బిళ్ళను చున్నీ కిందికి జరుపుకుంది. సాయంత్రం దీపాలు పెట్టాక, పాటల మధ్యలో, ఎవరూ చూడకుండా ఆ బిళ్ళను రెండుసార్లు బయటికి తీసింది — ఆమెకు వేదిక కనబడాలని.

కార్యక్రమం సాగి సాగి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. హనా ఫోన్ చేస్తే తులశమ్మ వెంటనే ఎత్తింది, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు.

"బావను పంపిస్తాండా. బండెక్కు. బయపడాకు."

భయం దేనికో హనా అడిగేలోపే ఫోన్ కట్టయింది.

ఓబుళరెడ్డి వచ్చాడు. ప్రొద్దుటూరు దీపాలు వెనకబడ్డాయి. జమ్మలమడుగు దాటింది. ఆకాశంలో చందమామ లేదు. బండి వెలుతురు ఎంత మేర పడితే అంత మేరే లోకం.

"మరదలు పిల్లా, మీ దేశమోళ్లు మా సీమోళ్లకు పిల్లనిస్తారా?"

"మీకు అక్క ఉంది కదా బావా."

"ఉంటే ఏముండాది లే..." నవ్వాడు. "ఉండేవాళ్లు ఎప్పటికీ ఉంటారా?"

హనా సీటు మీద వెనక్కి జరిగింది. ఇంకా వెనక్కి జరగడానికి చోటు లేదు.

బండి మెయిన్ రోడ్డు దిగింది. ఓబుళరెడ్డి మాట ఆగింది. గాలి కూడా ఆగినట్టయింది. మలుపు తిరగ్గానే ఎదురుగా... దావకు అడ్డంగా తుమ్మకంప.

బ్రేకు పడింది. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది.

"ఏ నాకొడుకు ఏసె దీన్ని..." హ్యాండిల్ వదలకుండా, అలవాటు కొద్దీ, తల తిప్పకుండానే అన్నాడు. "దిగు. కంప లాగాల."

బదులు వచ్చింది. మెల్లగా... రాళ్ల మీద చీర ఈడ్చినంత మెల్లగా.

"నేను దిగింది ఎప్పుడో గదా బావా..."

హనా నోరు తెరవలేదు.

ఓబుళరెడ్డి మెడ బిగుసుకుపోయింది. చాలాసేపటికి వెనక్కి తిరిగాడు. సెల్లు లైటు వేసి హనా ముఖం మీద కొట్టాడు. ముఖం మీంచి గొంతు మీదికి జారిందది. గాలికి చున్నీ ఎప్పుడో పక్కకు తొలగిపోయింది. బిళ్ళ మెరిసింది.

"అది... అది నీ మెడలోకి ఎట్లొచ్చె?"

"అక్క ఇచ్చింది."

"తీసిందా? మెడలోంచి తీసేసిందా?" అతని గొంతు కీచుమంది. "దాన్ని ఇడిసిపెట్టేసింది... ఇడిసిపెట్టేసింది!"

గుంత వైపు, బండి దీపం మసకగా తగిలే పగిలిన రాళ్ల గుట్ట మీద, ఎవరో నిలబడి ఉన్నారు. విరబోసిన జుట్టు. ఒంటికి అంటుకున్న తడి చీర. కొంగు కొస నుంచి నీళ్లు రాయి మీద పడుతున్నాయి. టప్... టప్... ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

హనా బండి దిగి సీటు గట్టిగా పట్టుకుంది. ఓబుళరెడ్డి బండి వదిలేసి దుమ్ములో కూలబడ్డాడు.

"సుబ్బా... నేనేమీ... ఒక్కసారి తోస్తి. అంతే గదా. నువ్వు మునగలా. ఈదుకుంటా వచ్చి ఒడ్డు పట్టుకుంటివి. నా పక్క చూస్తివి..." ఏడుస్తున్నాడు. "ఆ చూపుకు బయమేసి, చేతి మీద కాలు పెట్టినా. నువ్వు ఇడిసేదాకా... కాలు తీయల్యా. తప్పయిపోయె సుబ్బా."

"ఎందుకు?" గుట్ట మీంచి ఒకే మాట వచ్చింది.

"తులశి కోసం. నువ్వు బతికుంటే చెల్లెల్ని ఇయ్యరు గదా..."

గుట్ట మీది ఆకారం ఊగింది. రెండు చేతులతో కడుపు పట్టుకుని రాళ్ల మీంచి దిగి వచ్చింది. వెలుతురులోకి రాగానే హనాకు ప్రాణం లేచొచ్చింది. ముఖానికి అతుక్కున్న జుట్టు తోసుకుంటున్నది... తులశమ్మ.

"నా కోసమా? మా అక్క చేతిని నా కోసం తొక్కితివా?"

కంప వెనకనుంచి ఆటో లైట్లు వెలిగాయి. గఫూర్ సెల్లు ఎత్తి పట్టుకుని వచ్చాడు. "అంతా సెల్లులో పడిందమ్మా. మాట కూడా పోలే." అతని వెనక తలకు టవలు చుట్టుకున్న ముసలాయన... తులశమ్మ నాయన నారాయణరెడ్డి. ఆయన ఎవరినీ తిట్టలేదు. కొట్టలేదు. బండి వెనక దావ నడుమ కూర్చుని, పెద్ద కూతురి పేరు ఒక్కసారి పలికి తల వంచుకున్నాడు.

హనాకు అప్పుడు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. "నాకు ఎందుకు చెప్పలేదు అక్కా? నన్ను ఎర వేసినావు."

"ఏసినా హనమ్మా. చెప్పింటే నీ ముఖంలో కనపడిపోతుండె." తులశమ్మ కళ్లు ఓబుళరెడ్డి మీదే ఉన్నాయి. "వీడు నిన్ను చూసే చూపు నాకు ఎరికే. మా అక్క బతికుండంగా నన్నట్లే చూసె. మరదలా మరదలా అంటా. ఇంగ నాకు దినాలు దగ్గిర పడ్న్యాయని, ఆ చూపే చెప్పె."

ఓబుళరెడ్డి లేచాడు. ముందు కంప, ఆటో; వెనక దావలో మామ. మిగిలింది ఒకే దిక్కు. చీకట్లోకి పరిగెత్తాడు.

రాళ్లు జారిన చప్పుడు. తర్వాత నీళ్ల చప్పుడు.

హనా ఫోన్ లైటుతో అందరికన్నా ముందు అంచుకు చేరింది. నల్లటి నీళ్లలో తల ఒకటి తేలింది. ఒక చెయ్యి పైకొచ్చి నాపరాయి ఒడ్డు పట్టుకుంది. బలమైన చెయ్యి. ఐదు వేళ్లూ గట్టిగా బిగుసుకున్నాయి.

తులశమ్మ వచ్చి ఆ చేతిని చూసింది. ఆమె కుడికాలు మెల్లగా పైకి లేచింది.

"అక్కా! వద్దు!" హనా ఆమె భుజాలు వెనక్కి లాగింది.

కాలు గాల్లోనే ఆగింది. తులశమ్మ ఊపిరి బుసలు కొడుతున్నది. చివరికి కాలు దించింది.

"లే, తొక్కను. వీనికి అంత సులబంగా ఇయ్యను. బతకాల. పదిమందిలో నిలబడి ఇదే మాట మళ్లా చెప్పాల. జైల్లో ముసలోడు కావాల." మోకాళ్ల మీద కూర్చుని అతని మణికట్టు పట్టుకుంది. "గఫూర్ బాయ్, నాయన టవలు ఇట్లియ్యి. లాగు!"

గఫూర్ ముసలాయన టవలు తెచ్చి, ఒక కొస పట్టుకుని విసిరాడు. ఓబుళరెడ్డి రెండో చేత్తో దాన్ని అందుకున్నాడు. ఛాతీ దాకా నీళ్లలోంచి పైకొచ్చాడు. ఇంకొంచెం లాగితే వచ్చేసేవాడే.

అప్పుడు అరిచాడు.

"కాలు తియ్యి! సుబ్బా, కాలు తియ్యి!"

"ఎవురూ లేరు, పైకి రా!" గఫూర్ కసిరాడు.

హనా లైటు ఆ చేతి మీదికి తిప్పింది.

ఆ చేతి మీద ఎవరి కాలూ లేదు. తులశమ్మ మోకాళ్ల మీదే ఉంది. గఫూర్ దూరంగా టవలు కొస పట్టుకుని వెనక్కి వాలి ఉన్నాడు. అయినా... రాయి మీద ఆ వేళ్లు చదునవుతున్నాయి. చిటికెన వేలు. దాని పక్కది. గోళ్లు తెల్లబడి, తర్వాత నల్లబడ్డాయి. ఎముక విరిగిన చప్పుడు హనాకు స్పష్టంగా వినబడింది.

టవలు జారింది. తులశమ్మ మణికట్టును రెండు చేతులా పట్టుకుంది. ఆమె మాత్రం నీళ్ల వైపు చూడటం లేదు. ఆ చేతికి కాస్త పైన, ఏమీ లేని చోట, మనిషి ముఖం ఉండేంత ఎత్తున చూస్తున్నది.

"చాలక్కా..." గుసగుసగా అంది. "వీడు నాకు కావాల. పానంతో కావాల. నా మాట విను... అక్కా!"

చెల్లెలు ఏదడిగినా నాగసుబ్బమ్మ ఏనాడూ కాదనలేదంట.

ఆ రాత్రి వినలేదు.