పాత రబ్బరు

శనివారం పొద్దున. ఆదోనిలో బడిపంతులు యేసేపు పాత లుంగీ కోసం బీరువా అంతా తిరగేస్తూ భార్య మీద గొణుగుతున్నాడు.

"కారు ఆయిల్ మార్చేదానికి కర్నూల్లో సర్వీసు సెంటరుంది గదా రాణీ. మనం కూర్చుంటే వాళ్ళే చేసిస్తారు. నేను ఇంటి ముందర మట్టిలో పండుకుంటే బడి పిల్లోళ్ళు ఏమనుకుంటారు?"

"సారుకు పని వచ్చనుకుంటారు," అంది రాణి దోసె తిప్పుతూ. "ముప్పై ఏండ్లు లారీలు బాగుచేసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని, గంట పనికి కర్నూలు పోతావా? మా నాయన చెయ్యి పడితే సాలదా?"

ఆ నాయన దావీదు అప్పటికే కారు ముందు చక్రాలను దుంగల మీదికి ఎక్కించి, కింద బేసిను పెట్టి కూర్చున్నాడు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. అల్లుడు బాగానే చూసుకుంటాడు కానీ, పనీపాటా లేకుండా తిని కూర్చోవడమే ఆయనకు గిట్టదు. ఎమ్మిగనూరులో స్కూలు వ్యాన్లు తిప్పే తిమ్మప్ప, "సోమవారం నుంచి నా షెడ్డు నువ్వే చూసుకోవాల పెద్దాయనా" అని కబురు పంపిన రోజు నుంచి మాత్రం మనిషి పదేళ్ళు తగ్గినట్టు తిరుగుతున్నాడు.

మర్నాడు ఎమ్మిగనూరులోనే యేసేపు చెల్లెలు జ్యోత్స్న కొత్తింటి ప్రార్థన. ఆలోగా కారు సిద్ధం కావాలి.

దావీదు వాడి వాడి నల్లబడిన ఆయిల్‌ను బేసిన్‌లోకి వదిలి, పాత ఫిల్టరును ఎలా పట్టి తిప్పాలో అల్లుడికి చూపించాడు. "ఇది ఊడినాక దాని మూతికుండే రబ్బరు కూడా నీ చేతికి రావాల. ఒక్కోసారి రబ్బరు ఇంజనుకే అతుక్కొని ఉండిపోతాది. దాని మీదనే కొత్తది బిగిస్తే దోవలో ఆయిలంతా కారిపోతాది. వేలితో తడిమి చూసిందాకా కొత్తది ముట్టుకోవద్దు."

ఇంతలో రాణి బీపీ మాత్ర వేసుకోమని లోపల్నుంచి కేకేసింది. "వచ్చినాక నేను బిగిస్తా" అని ఆయన లేచి వెళ్ళాడు. యేసేపుకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. ఫోనులో నాలుగు వీడియోలు చూసిన మనిషి మరి. పైగా వీధి చివర హెడ్మాస్టరు స్కూటరు కనబడుతోంది. త్వరగా లేచిపోవాలని కొత్త ఫిల్టరు తీసి గట్టిగా బిగించేశాడు.

"రబ్బరు చూసినావా అప్పా?" వస్తూనే అడిగాడు దావీదు.

"చూసినాలే మామా."

చూడలేదు. కొత్త ఆయిల్ పోసి, ఇంజను నడిపి, ఇద్దరూ వంగి చూశారు. ఒక్క చుక్క కారలేదు. ఇంకొకరి మాట మీద దావీదు ఒక బండిని వదిలిపెట్టడం అదే మొదటిసారి.

ఆదివారం ఎమ్మిగనూరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా కారులో ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. "ఆపప్పా, ఆపు!" అని దావీదు వెనక సీట్లోంచి అరిచాడు. దిగి చూస్తే దారి పొడవునా నల్లటి చార. ఫోను చేస్తే జ్యోత్స్న మొగుడు ఇద్దరు చుట్టాలనూ, పక్కింటి తిమ్మప్పనూ వెంటబెట్టుకొని జీపులో వచ్చాడు. తిమ్మప్ప కారు కింద దూరి, ఫిల్టరు ఊడదీసి, బయటికి వచ్చి చెయ్యి చాచాడు. అరచేతిలో రెండు రబ్బర్లున్నాయి.

"పాతది తీయకుండా దాని మీదనే కొత్తది బిగించినారు. ఎవరప్పా ఈ పని చేసింది?"

అందరూ యేసేపు వైపు చూశారు. చెల్లెలి మొగుడు, చుట్టాలు, భార్య. నాలుక దానంతటదే తిరిగింది.

"మా మామే బిగించినాడు."

దావీదు అల్లుడి ముఖంలోకి ఒక్కసారి చూశాడు. తర్వాత తలవంచుకొని అన్నాడు, "అవునప్పా. నేనే. కండ్లు సరిగా ఆనలేదు."

తిమ్మప్ప చేతులు తుడుచుకున్నాడు. "అట్లనా... సరే, సోమవారం సంగతి మళ్ళ మాట్లాడుకుందాంలే పెద్దాయనా. స్కూలు పిల్లోళ్ళు ఎక్కే బండ్లు గదా."

అందరూ జీపులోనే ఊరు చేరాక ప్రార్థన అయింది. పందిట్లో భోజనాలు మొదలయ్యాయి. "పెద్దాయన చేతికి బండ్లిస్తే దేవుడే కాపాడాల" అని చుట్టాల్లో ఒకడు అంటే పంక్తి అంతా నవ్వింది. చివర కూర్చున్న దావీదు కూడా నవ్వాడు. యేసేపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

వడ్డిస్తున్న రాణి తండ్రి దగ్గర ఆగింది. ఆమెకూ అవమానంగానే ఉంది. "ఇంక నువ్వు స్పానరు ముట్టొద్దు నాయనా. నీతో కాదని తిమ్మప్పన్నకు నేనే సెప్తా."

"సరే బిడ్డా," అన్నాడు దావీదు.

యేసేపు తినకుండానే లేచాడు. చేయి కడుక్కోవడానికి వచ్చిన మామను పెరట్లో పట్టుకున్నాడు. "ఎందుకట్లా సెప్పినావు మామా? నేను అబద్ధమాడినానని నీకు తెలుసు గదా!"

"పని నేర్పేటోడు పక్కన ఉండాలప్పా. మధ్యలో నేను లేచిపోయినా. తప్పు నాదే గదా."

ఆ మాట యేసేపును నిలువునా కోసేసింది. పాతికమంది పిల్లలకు రోజూ నేర్పే తాను, ఒక్కనాడైనా వాళ్ళ తప్పును తన నెత్తిన వేసుకున్నాడా? మామ తడిచెయ్యి అలాగే పట్టుకొని పందిట్లోకి నడిపించుకొచ్చాడు.

"తిమ్మప్పన్నా, అందరూ వినండి. ఆ ఫిల్టరు బిగించింది నేను. రబ్బరు చూడాలని మా మామ ముందే సెప్పినాడు. చూసినానని ఆయనకూ అబద్ధం సెప్పినా. దోవలో మీ అందరికీ అబద్ధం సెప్పినా."

రాణి మొగుడి వైపు చూడను కూడా చూడలేదు. గిన్నె కింద పెట్టి, తండ్రి భుజం మీద తల ఆనించి, "స్పానరు ముట్టొద్దన్నానే నాయనా నిన్ను" అని వలవలా ఏడ్చింది.

తిమ్మప్ప లేచి వచ్చాడు. "రేపు పొద్దున్నే వచ్చేయ్ పెద్దాయనా. తాళాలు నీకే ఇస్తా."

యేసేపు పందిరి మధ్యలో అలాగే నిలబడిపోయాడు. ఎవరూ కూర్చోమనలేదు. "ఒక్క తిట్టన్నా తిట్టు మామా," అన్నాడు.

"తిడితే పని వస్తాదా? రేపు బడి అయినాక షెడ్డుకు రా. ఫిల్టరు నీ చేతనే విప్పించి, నీ చేతనే బిగింపజేస్తా. ఈసారి నేను పక్కనుంచి లేచేది లేదు."

యేసేపు తల ఊపాడు. అంతమంది ముందు, చిన్నపిల్లాడిలా, మామ చెయ్యి వదలకుండా ఏడ్చాడు.