పత్తి మిల్లులో పది నిమిషాలు

పేట నుంచి వత్సవాయి వెళ్ళే దారిలో మూతబడ్డ పత్తి మిల్లు ఒకటుండేది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ ఆగేవాళ్ళు కాదు. లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతుందని... మాట ఆగగానే దీపం ఆరిపోతుందని... విన్నవాళ్ళు ఒట్టేసి మరీ చెప్పేవాళ్ళు.

నాకీ సంగతి చెప్పింది ట్రాక్టర్ ప్రేమానందం. జరిగింది ఆయనకే.

రెండువేల ఆరు, అక్టోబరు నెల. మూడు రోజులుగా ముసురు. పేటలో పత్తి దింపేసి, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి బయల్దేరాడు. సరిగ్గా మిల్లు ముందుకొచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వాన చూస్తే కుండపోత. ఇంక గతిలేక మిల్లు వరండాలోకి పరిగెత్తాడు.

కిటికీలోంచి చూశాడు. లోపలంతా చీకటి. ఆ చీకట్లో — ఓ పచ్చటి చుక్క. ఆరుతోంది... వెలుగుతోంది...

"శక్తి తగ్గిపోతోంది," అంది ఓ ఆడగొంతు. "ఇంక పది నిమిషాలే. మిగిలిన పనులు ముగించుకోండి."

ప్రేమానందం కిటికీ దగ్గర్నుంచి వెనక్కి దూకాడు. పరిగెడదామన్నా ఎటు? రోడ్డు మీద పురుగు లేదు.

మిగిలిన పనులు అనగానే ఆయనకి గుర్తొచ్చింది ఒక్కటే — తమ్ముడు స్తెఫను. నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. సెల్‌ఫోన్ తీసి వాడి నంబరు నొక్కాడు.

"ఒరే స్తెఫనూ... నేన్రా, అన్నయ్యని."

 అవతల్నుంచి ముక్తసరిగా — "ఏంటి?"

"మిల్లు దగ్గరున్నా. నాకింక పది నిమిషాలే టైముంది..."

"అయిదు నిమిషాలు," అంది లోపలి గొంతు. "అన్నీ భద్రపరుస్తున్నా."

"అయిదేరా!" అని ఫోన్లోకి అరిచాడు ప్రేమానందం. "నీ చేలో చింతచెట్టు కొట్టేసింది నేను చెప్పినట్టు కరెంటోళ్ళు కాదురా. నేనే... రాత్రిపూట మనుషుల్ని పెట్టి కొట్టించా. నీడకి నా మిరప ఎదగట్లేదని... నన్ను క్షమించరా."

"అన్నయ్యా, ఎక్కడికీ కదలకు. వస్తున్నా!"

ఫోన్ పెట్టేశాక ప్రేమానందం గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. దేవుణ్ణి తలుచుకున్నాడు. ఎంతసేపు గడిచిందో...

"అంతా భద్రం. ఇక సెలవు."

టక్... పచ్చటి చుక్క ఆరిపోయింది.

భుజం మీద చెయ్యి పడింది.

ప్రేమానందం పెట్టిన కేకకి తన చెవులే గింగురుమన్నాయట. పక్కకి తిరిగి చూస్తే, దుప్పటి కప్పుకుని, టార్చిలైటుతో వాచ్‌మన్ కృష్ణయ్య.

"ఎందుకయ్యా అరుస్తావ్? ఆగింది కంప్యూటర్."

చుట్టుపక్కల ఊళ్ళ వాన కొలతలన్నీ దాన్లో దాస్తారట. మిల్లుకి కరెంటు ఎప్పుడో తీసేశారు కాబట్టి, పైకప్పు మీద పలకలు పెట్టి ఎండతో నడుపుతున్నారు. మూడు రోజులుగా ఎండ లేదు, బ్యాటరీ నీరసపడింది.

"ఉన్నట్టుండి ఆగితే లోపలున్నవన్నీ పాడైపోతాయంట. అందుకని ముందే చెప్పి, అన్నీ దాచుకుని, దానంతటదే ఆగిపోద్ది. నాకు చదువు రాదని, దీన్ని ఇక్కడ పెట్టిన నందిగామమ్మాయి ఆమని తన గొంతు పెట్టింది. ఎండ రాగానే మళ్ళీ లేస్తది."

"మరి ఊళ్ళో అందరూ దెయ్యమంటుంటే చెప్పవేం?"

"చెబితే ఇంకేమన్నా ఉందా? బ్యాటరీలు ఎత్తుకుపోరూ?" అన్నాడు కృష్ణయ్య.

ఇంతలో మోటార్‌సైకిల్ లైటు. స్తెఫను తడిసి ముద్దై, చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. అన్నని పట్టుకుని ఒళ్ళంతా తడిమి చూశాడు. ఏడుస్తూనే కృష్ణయ్య చెప్పిందంతా విన్నాడు.



స్తెఫను కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే నువ్వు చావట్లేదన్నమాట."

"లేదురా," అన్నాడు ప్రేమానందం నవ్వుతూ.

"మంచిది," అంటూ స్తెఫను చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇప్పుడు చెప్పు అన్నయ్యా... ఆ చింతచెట్టు సంగతేంటి?"