పసుపు కారు నుంచి ఫోన్

ఆ అమ్మాయి మొదట చూసింది నా మొహం కాదు, నా సాక్సులు.

రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు అది. నేలకి అంటుకున్నట్టు ఉంటుంది. దాని డాష్‌బోర్డు వెనక వైర్లు చూడాలంటే డ్రైవర్ సీట్లో తలకిందులుగా పడుకుని, తల పెడల్స్ దగ్గర పెట్టి, కాళ్లు సీటు మీంచి వెనక్కి వేలాడేయాలి. నేను సరిగ్గా అదే స్థితిలో ఉన్నాను. నా ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

"హలో! డాష్‌బోర్డు కోసేస్తున్నారా?" పైనుంచి ఒక గొంతు.

"కోయకుండా కంప్యూటర్ ఎక్కడ పెట్టమంటారు, నా నెత్తి మీదా?"

"అసలు కోయమన్నది ఎవరు?"

"కారు ఓనరు."

"నడిపేది నేను!"

"నేనే కోయమన్నానే తల్లీ," అన్నారు పక్క సీట్లోంచి వాళ్ల నాన్న.

రిటైరవగానే సరదాపడి ఆ పసుపు కారు కొనుక్కున్నారట ఆయన. తీరా కొన్నాక, ఆ సీట్లోంచి లేవాలంటే ఎవరో ఒకరు రెండు చేతులూ పట్టుకుని లాగాలని తెలిసింది. అందుకని కూతురు నడుపుతుంది, ఆయన పక్కన కూర్చుని దారి చెబుతారు. ఆయన చెప్పిన దారిన వెళ్తే అనుకున్న చోటికి తప్ప అన్ని చోట్లకీ వెళ్లొచ్చు. అందుకే మ్యాపులు చూపించే టచ్‌స్క్రీన్ కంప్యూటర్ పెట్టించాలనుకున్నారు.

లేవబోయి స్టీరింగుకి తల కొట్టుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. అలా ఆమెని మొదటిసారి తలకిందులుగా చూశాను. ఆ తర్వాత చాలా రోజులు నా పరిస్థితి అలాగే ఉంది.

సాయంత్రానికి స్క్రీన్ బిగించేశాను. హ్యాండ్స్‌ఫ్రీ పనిచేస్తోందో లేదో చూడటానికి ఆమె ఫోన్‌ని దానికి కలిపి, నా నెంబర్‌ని మూలన ఒక బటన్‌గా పెట్టి, దానికి 'టెస్ట్' అని పేరిచ్చాను. నొక్కితే నా ఫోన్ మోగింది. ఆ నెంబర్‌ని 'పసుపు కారు' అని దాచుకున్నాను. వెళ్లేముందు ఆ బటన్ తీసేయాలి. కానీ ఆమె "థాంక్యూ, బాగా కోశారు," అంది నవ్వుతూ. ఇంక నాకు బటన్ ఎక్కడ గుర్తుంటుంది?

తర్వాతి వారం వాన మొదలైంది. చినుకులు అలా రాలాయో లేదో, ఫోన్ మోగింది. పసుపు కారు!

"హలో, చెప్పండి," అన్నాను గొంతు సవరించుకుని.

"వినిపిస్తోంది. క్లియర్‌గా ఉంది," అంది ఆమె.

"ఏంటండీ?"

"సౌండ్. ఇంకేమైనా చూడాలా?"

"వద్దండీ..."

"సరే మరి." పెట్టేసింది.

నా బుర్ర గిర్రున తిరిగింది. సౌండ్ బావుందని చెప్పడానికి ఎవరైనా ఫోన్ చేస్తారా?

మళ్లీ వాన పడింది, మళ్లీ ఫోన్. ఈసారి "వానలో కూడా బాగానే వినిపిస్తోంది," అంది. నేను "అక్కడ వాన పెద్దదా?" అన్నాను. అలా మాట మీద మాట పెరిగింది. తను చిన్నపిల్లలకి ఈత నేర్పుతుందట. కానీ వానలో తడవడమంటే చిరాకట! ఎండ కాసిన రోజు మాత్రం ఒక్క ఫోనూ రాదు.

"ఏరా, గంటకోసారి బయటికెళ్లి ఆకాశం చూస్తున్నావు?" అన్నాడు మా మావయ్య. వర్క్‌షాపు ఆయనదే.

"మబ్బు పడుతుందేమోనని."

"పడితే?"

చేతిలో స్పానర్‌ని తెగ తుడిచేశాను.

వాన పడితే ఆమెకి నేను గుర్తొస్తున్నానన్నమాట! సిగ్గు కొద్దీ సౌండ్ వంక పెడుతోంది. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? అలా అనుకున్నాక కాళ్లు నేల మీద ఆనలేదు. ఓ కుండపోత వానలో తెగించి అడిగేశాను.

"వాన పడితే... మీకు నేను గుర్తొస్తానా?"

అటు నుంచి వైపర్ల చప్పుడు ఒక్కటే.

"ఇది కూడా టెస్టేనా?" అంది చివరికి, అదోరకంగా.

"ఏం టెస్టు?"

ఫోన్ కట్టయింది.

మర్నాడు పసుపు కారు వర్క్‌షాపు ముందు కీచుమని ఆగింది. ఆమె దిగింది. నాన్నగారు దిగలేరు కాబట్టి అద్దం దించుకున్నారు.

"కస్టమర్లందరితో ఇలాగే చేస్తారా మీరు?"

"నేనేం చేశానండీ?"

"వాన పడగానే ఫోన్లు!"

"నేనా? చేసేది మీరు!"

"నేనెందుకు చేస్తాను? స్క్రీన్ మీద 'టెస్ట్' అని వస్తుంది, వెనకే మీ గొంతు వస్తుంది. షాపు వాళ్లు చెక్ చేస్తున్నారు కాబోలని మర్యాదగా జవాబు చెబుతున్నాను!"

మర్యాదగా! ఆ ఈత కబుర్లూ, ఆ నవ్వులూ, అన్నీ మర్యాదేనా?

"ఇద్దరూ కాసేపు అరుపులాపండి," అన్నాడు మావయ్య. "ఒరేయ్, వాన పడితే కార్లో ఏం మారుతుంది?"

వైపర్లు!

వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుని వైపర్లు వేశాను. ఆమె కిటికీ బయట చేతులు కట్టుకుని నిలబడింది. నాన్నగారి చేతులు ఆయన ఒళ్లో ఉన్నాయి. స్క్రీన్ ఓసారి వణికింది. మూలనున్న 'టెస్ట్' బటన్ దానంతటదే నొక్కుకుంది. నా జేబులో ఫోన్ మోగింది.

తప్పు నాదే. స్క్రీన్ ఎర్త్ వైరుని వైపర్ల ఎర్త్ బోల్టుకే బిగించాను, అదీ కరెంటుకి అడ్డుపడే పెయింటు గీకకుండా. వైపర్లు తిరిగినప్పుడల్లా కరెంటు తడబడి, తనని ఎవరో వేలితో తాకారని స్క్రీన్ అనుకుంటోంది. ఎవరూ తాకకుండానే తాకారనుకోవడం! దానికీ నాకూ ఒకటే జబ్బు.

"అంటే మీరు చెయ్యలేదన్నమాట," అంది ఆమె మెల్లగా.

"మీరూ చెయ్యలేదు."

ఎవరూ కావాలని చేయలేదని తేలాక ఇద్దరం సంతోషించాలి కదా? ఆమె చెప్పు కొనతో నేల గీస్తూ నిలబడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ బోల్టు అలాగే వదిలేస్తే వానాకాలమంతా ఫోన్లు వస్తాయి. ఒట్టు, స్పానర్ ఒక్క క్షణం చేతిలో ఆగిపోయింది. మావయ్య దగ్గాడు. పెయింటు గీకి, విడిగా ఎర్త్ ఇచ్చి, గట్టిగా బిగించాను. వైపర్లు వేస్తే స్క్రీన్ బుద్ధిగా కూర్చుంది.

"ఈ టెస్ట్ బటన్ తీసేయనా?"

"మీ ఇష్టం."

"కారు మీది."

"నెంబర్ మీది."

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నా నడుము పట్టేసేలా ఉంది, ఇంటికి పోదాం పదమ్మా!" అన్నారు నాన్నగారు. ఎవరం ఏమీ తేల్చలేదు. బటన్ అలాగే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వాన కురిసింది. ఫోన్ రాలేదు. మర్నాడూ కురిసింది, రాలేదు. పని శుభ్రంగా చేశానని దానర్థం. నా జన్మలో అంత బాగా చేసిన పని మీద అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

"మనమే చేద్దామంటే ఏ మొహం పెట్టుకుని చేస్తాం?" అన్నాను మావయ్యతో. మావయ్య పాపం నాకో టీ తెప్పించాడు.

ఒకరోజు ఎండ ఫెళ్లున కాస్తోంది. ఇంకో కారు కింద దూరి, చెప్పులు విప్పేసి పని చేసుకుంటున్నాను. ఫోన్ మోగింది. పసుపు కారు.

కారు కిందనుంచే ఆకాశం కేసి చూశాను. మబ్బు తునక లేదు. ఎర్త్ మళ్లీ పోయిందా? నా చేత్తో బిగించానే!

"హలో?"

"అబ్బాయ్, వాన లేదు. వైపర్లు వెయ్యలేదు," అన్నారు నాన్నగారు రహస్యంగా. "కారు ఆపి ఎంతసేపయిందో. మా అమ్మాయి ఆ బటన్ దాకా వేలు తీసుకెళ్తుంది, వెనక్కి తీసుకుంటుంది. చూడలేక నేనే నొక్కాను. ఇక మీరు మాట్లాడుకోండి. నేను చెవులు మూసుకుంటున్నాను."

"నాన్నా! మీరు నిద్రపోతున్నారు కదా!" పక్కనుంచి కేక. తర్వాత ఆ గొంతు.

"వినిపిస్తోందా?"

"క్లియర్‌గా."

"ఇది టెస్ట్ కాదండీ. వాన పడ్డా ఫోన్ రాకపోతే... అస్సలు తోచట్లేదు."

"నాకూ అంతే. మీరెప్పుడు చేస్తారా అని ఎండలో కూడా ఆకాశం చూస్తున్నాను. ఇంతకీ ఎక్కడున్నారు?"

"మీ షాపు ముందే."

కారు కిందనుంచి పాక్కుంటూ వచ్చి బయటికి పరిగెత్తాను. పసుపు కారు పక్కన ఆమె నిలబడి ఉంది. ముందు నా కాళ్ల వంక చూసింది. అవే సాక్సులు. నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిల్లు ఇంకా పెద్దదయింది, ఏం చేయను!

కిటికీలోంచి రెండు చేతులు బయటికొచ్చాయి.

"ఒక చెయ్యి నువ్వు పట్టుకో అబ్బాయ్. రెండోది నువ్వు పట్టుకోవే. ఇన్నాళ్లూ నన్ను లేపలేక దీని నడుం విరిగిపోతోంది. ఇకనుంచి మీరిద్దరున్నారుగా!"

తలుపు తీసి ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. ఆయన ఒక్క ఊపులో లేచి నిలబడి, మావయ్యతో మాట్లాడాలంటూ లోపలికి వెళ్లిపోయారు.