నమ్మికపట్టీ

2094లో రాజమండ్రిలో ఆడిటర్ దగ్గరికెళితే, కుర్చీ చూపించే ముందు నుదుటికి పట్టీ కట్టేవారు. దాని పేరు నమ్మికపట్టీ. చెప్పేవాడికొకటి, వినేవాడికొకటి. మాట నడుస్తుండగా మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలు చూసి, ఆ మాటని ఎవరెంత నమ్మారో నూటికిన్ని పాళ్లని రాసిపెట్టేది. తనే నమ్మని సలహా ఇచ్చి ఎవరినైనా ముంచితే, నష్టమంతా ఆ ఆడిటర్ నెత్తినే. పట్టీ రాకముందు "నేనలా అనలేదు", "అన్నావు" అనుకుంటూ కోర్టుల్లో జుట్లు నెరిసిపోయేవి మరి.

ఆ ధీమాతోనే నాగరత్నం కోర్టులో తీర్పుయంత్రం ముందు కూర్చుంది. ఆవిడ ట్రస్టులో పదకొండు డయాలసిస్ మంచాలున్నాయి, బీదవాళ్లకి ఉచితం. మేడమీద హాలు పెళ్లిళ్లకి అద్దెకిస్తారు. ఆ అద్దెకి పన్ను లేదని ఆడిటర్ సత్యకిశోర్ చెప్పాడు. మూడేళ్లకి పన్నులశాఖ పెద్ద జరిమానా వేసింది. అది ఆడిటర్ కట్టాలి, లేదా నెలాఖరుకి ఆ మంచాలున్న గదికి తాళం పడాలి.

"చెప్పినవారి నమ్మకం నూటికి ముప్పై," అంది యంత్రం.

"విన్నారా! తనకే నమ్మకం లేని మాట నాకు అంటగట్టాడు."

"మీరంతలా బతిమాలితేనూ..." సత్యకిశోర్ గొణిగాడు.

"బతిమాలితే మందులషాపువాడు విషమిస్తాడా నాయనా?"

"విన్నవారి నమ్మకం," యంత్రం అదే గొంతుతో అంది, "నూటికి నాలుగు."

నాగరత్నం నవ్వబోయి ఆగింది. "పట్టీ వదులైందేమో."

"లేదమ్మా. ఈయన దగ్గరికి రాకముందే, అదే వారంలో మీరు మరో నలుగురు ఆడిటర్లని అడిగారు. నలుగురూ పన్ను కట్టాలన్నారు. వాళ్లని నూటికి తొంభై ఆరు నమ్మారు. సత్యకిశోర్ గారి లైసెన్సు ఏడాది రద్దు. నష్టపరిహారం మాత్రం నమ్మి మోసపోయినవారికే. మీ ఫిర్యాదు కొట్టేశాం."

ఆవిడకి ఆ నలుగురు ఆడిటర్ల మొహాలూ గుర్తే. అద్దెలో పన్ను పోతే నాలుగు మంచాలు తీసెయ్యాలి. ఏ రోగుల్ని లేచి పొమ్మనాలో ఆవిడకి తెలియలేదు. అందుకే ఐదో తలుపు కొట్టింది.

కోర్టు వరండాలో ఓ ప్లీడరు గది కనిపిస్తే లోపలికెళ్లింది.

"అప్పీలులో గెలుస్తాం కదా బాబూ?"

కాగితాలన్నీ చదివి, ఆయన మెల్లిగా అన్నాడు: "గెలవమమ్మా. ఇవాళే మరో ట్రస్టుకి మంచాలు అప్పగించండి. రోగులైనా దక్కుతారు."

"మంచి మాట చెప్పావు నాయనా," అంది నాగరత్నం మనస్ఫూర్తిగా. కాగితాలు సంచిలో సర్దుకుని, పక్క ప్లీడరు గదిలోకి వెళ్లింది.