పచ్చముద్దలో ముడి

“అయ్యో... అయ్యో! నా వెయ్యేళ్ళూ కడిగి పారేశారే! ఎవరే ఈ పని చేసింది?”

ముందుగదిలోంచి మామగారి కేక వినిపించేసరికి వంటింట్లో కోడలి చేతిలో ఉన్న కాఫీ గ్లాసు సగం ఒలికింది. నిజానికి పొద్దుటి నుంచీ ఆమె ఆ క్షణం కోసమే ఎదురుచూస్తోంది! ఆయన స్నానం చేసి వస్తారు, అద్దాల బీరువా తెరుస్తారు, మొదటి పళ్ళెంలో పాత నాణేలన్నీ తళతళ మెరుస్తూ కనిపిస్తాయి, ఆయన మొహం ఇంతై అంతవుతుంది... ఎనిమిది నెలలుగా తనతో ఒక్క ముక్క మాట్లాడని మనిషి ఈవేళ నోరు తెరిచి ‘ఇంత చక్కగా ఎవరమ్మా తోమింది?’ అంటారు... అలా గాలిలో మేడలు కట్టుకుని కూర్చుంది పాపం! ఆయన నోరైతే తెరిచారు గానీ వచ్చిన మాట వేరు.

చుట్టుపక్కల అందరూ ‘తాళాలాయన’ అని పిలిచే ఆ పెద్దమనిషి నలభై ఏళ్ళు తాళాల కొట్టు నడిపారు. పాత తాళాల కోసం తుక్కు కొట్లన్నీ గాలిస్తూ, ఇత్తడి కుప్పల అడుగున దొరికిన పాతకాలపు నాణేలు, ముద్రల ఉంగరాలు, పూసలు, బుల్లి సీసపు తూకాలు ఏరుకుని ఇంటికి తెచ్చుకునేవారు. ఒక్కోదాని కింద ఒక్కో చీటీ... ఎక్కడ దొరికింది, ఏ రోజున దొరికింది, ఏ కాలం నాటిదని ఎవరు గుర్తుపట్టారు. కొట్టు మూసేసిన తర్వాత ఆయన ప్రాణమంతా ఆ బీరువాలోనే! ఇన్నాళ్ళకి మ్యూజియం నుంచి కబురొచ్చింది. అక్కడి మేడమ్ ఈరోజు పదకొండు గంటలకి స్వయంగా వచ్చి చూస్తారట. నచ్చితే ఆ సేకరణకంతా ఒక గది ఇస్తారట! మూడు రోజులుగా ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నారు.

ఇక కోడలితో మాట్లాడకపోవడం సంగతంటారా? రైలింజను నడిపే కొడుకు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని, సాయంత్రం తీరిగ్గా ఫోను చేసి చెప్పాడు. కోపం కొడుకు మీద, శిక్ష కోడలికి! కొడుకు డ్యూటీ పేరుతో సగం రోజులు రైలు మీదే ఉంటాడు కాబట్టి వాడికేం పట్టలేదు. ఈ పిల్ల మాత్రం ఎక్కడికి పోతుంది? “ఏమేవ్, కుళాయి కారుతోందని ఆ అమ్మాయితో చెప్పు” అని ఆయన గోడ వంక చూస్తూ అంటారు. ఆ అమ్మాయి రెండడుగుల దూరంలో బిందె పట్టుకుని నిలబడే ఉంటుంది! అత్తగారు ఇటు తిరిగి “కుళాయి కారుతోందటమ్మా” అంటుంది. విన్నదాన్నే మళ్ళీ కొత్తగా విన్నట్టు తలూపడం కోడలికి అలవాటైపోయింది. కానీ చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల... మామగారు ‘అమ్మా’ అని ఒక్కసారి పిలిస్తే చాలని ఎన్ని రోజులు ఎదురుచూసిందో!

నిన్న సాయంత్రం ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటే అత్తగారు గబగబా వచ్చి చెప్పింది. “అమ్మాయ్, మేడమ్ వస్తున్నారుగా, అద్దాల బీరువా తుడిచి మెరిపించమంటున్నారు.”

మొదటిసారి మామగారు తనకొక పని అప్పజెప్పారు! ఆ పిల్ల సంబరం అంతా ఇంతా కాదు. అద్దాలు తుడిచింది. సంబరం తీరలేదు. లోపల చూస్తే వెండి నాణేలు మసిబొగ్గుల్లా, రాగివి పాచిపట్టినట్టు పచ్చగా ఉన్నాయి. ‘ఇంత గొప్పవాటిని ఇంత మురికిగా మేడమ్‌కి చూపిస్తే మామయ్యగారి పరువేం కావాలి?’ అనుకుంది. తెల్లవారగానే నిమ్మకాయలు, బేకింగ్ సోడా, పాత పళ్ళబ్రష్షు పట్టుకుని పెరట్లో కూర్చుంది. మొదటి పళ్ళెంలోని ఇరవైరెండు నాణేలూ ఒళ్ళు దాచుకోకుండా తోమింది!

ఇప్పుడు ఆమె గుమ్మంలోకి వచ్చి చూసేసరికి మామగారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడి ఉన్నారు.

“అది మురికి కాదే... వాటి వయసు!” ఆయన ఒక నాణేన్ని వెలుగుకి తిప్పి చూశారు. “ఆ నలుపు, ఆ పచ్చపొర, వందల ఏళ్ళు మట్టిలో పడుంటే వచ్చాయి. అక్షరాలు అరిగిపోకుండా కాపాడేది కూడా ఆ పొరే! ఇప్పుడు చూడు... బొమ్మల మొహాలన్నీ గీతలు పడి... దేవుడా! ఎవరే?”

‘నేనే’ అనడానికి కోడలు ఒకడుగు ముందుకేసింది. ఈలోగా వెనక నుంచి అత్తగారు ఆమెని పక్కకి జరిపి ముందుకొచ్చింది.

“నేనేనండీ కడిగింది.”

ఆయన తలెత్తి చూశారు. అరవలేదు. అరిచినా బాగుండేది! “నువ్వా? ముప్పై ఏళ్ళుగా రోజూ నీకే కదే చెప్పుకుంటున్నాను వీటి గురించి... నువ్వు వింటున్నావనుకున్నానే!” అని మాత్రం అన్నారు. ఆ మాటకి అత్తగారి మొహం వాడిపోయింది. అయినా పెదవి బిగబట్టుకుని వంటింట్లోకి నడిచింది.

“అత్తయ్యా! ఎందుకలా చెప్పారు? నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను!” కోడలు ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నోర్ముయ్, వినబడుతుంది! నన్నైతే నాలుగు రోజులు సాధించి ఊరుకుంటారు. నీ పేరు చెప్తే ఇక జన్మలో నీ మొహం చూడరు. అయినా తప్పు నాదేనే తల్లీ! నిన్న ఆయన రెండు మాటలు చెప్పారు. ‘అద్దాలు తుడవమను, లోపలి వస్తువుల్ని మాత్రం ముట్టుకోవద్దను’ అని. నీ దగ్గరికి వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగాయి... దాంతో రెండో మాట మర్చిపోయాను...” అత్తగారు బొడ్లో దోపుకున్న రుమాలు తీసి కళ్ళొత్తుకుంది. ఆ రుమాలు కొసకి చిల్లర మూట కట్టుకోవడం ఆమె అలవాటు. “ఇంకేమీ కడగలేదు కదా?”

“చీటీల మీద బరువుగా పెట్టే ఆ పచ్చముద్ద... నీళ్ళల్లో వేశాను అత్తయ్యా. కానీ దాన్ని...”

గుమ్మంలో గంట మోగింది.

మ్యూజియం మేడమ్ పొట్టిగా, చలాకీగా, మెళ్ళో భూతద్దం వేలాడేసుకుని వచ్చారు. నవ్వుతూ కూర్చున్నారు. మొదటి పళ్ళెం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. “ఇవి... ఎప్పుడు కడిగారు?”

“మా ఆవిడ... తెలియక...” అన్నారు మామగారు.

మేడమ్ తక్కిన పళ్ళేలు ఓపిగ్గా చూశారు. చీటీలు చదివి మెచ్చుకున్నారు. కానీ చివరికి పుస్తకం మూసేశారు. “చాలా శ్రద్ధగా పోగుచేశారండీ. కాకపోతే గది ఇవ్వాలంటే మా కమిటీకి చూపించేది ఈ మొదటి పళ్ళేన్నే. మీరు పంపిన ఫొటోల్లో చూసి, దీన్ని నమ్ముకునే వచ్చాను. ఇప్పుడు నేనేం చెప్పను? ఇంట్లోవాళ్ళకి కాస్త ముందే చెప్పి ఉండాల్సింది...” అంటూ అత్తగారి వైపు జాలిగా చూశారు. ఏమీ తెలియని మనిషిని చూసే చూపు అది! ముప్పై ఏళ్ళు ఆ బీరువా చుట్టూ ఊడ్చి, తుడిచి, ఒక్క వస్తువు మీద కూడా చెయ్యి వెయ్యని ఇల్లాలు తలొంచుకుని నిలబడింది. అది చూడలేకపోయింది కోడలు!

“అత్తయ్య కాదు! నేను! నేనే కడిగాను!”

మామగారి చూపు అలవాటుగా గోడ మీదికి పోయింది. “ఏమేవ్... ఆ అమ్మాయిని లోపలికి వెళ్ళమను.”

“వెళ్ళను మామయ్యగారూ!” తన గొంతేనా అది అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. “ఈ ఒక్కసారి గోడకి కాదు, నాకు చెప్పండి! తిట్టండి... కొట్టండి... కానీ నన్ను చూసి తిట్టండి! నిన్న మీరు చెప్పిన రెండో మాట నా దాకా రాలేదు. ఆ మాట మీ నోటితో నాతోనే అని ఉంటే మీ నాణేలు ఇవాళ నల్లగానే ఉండేవి. నేను వాటిని పాడుచెయ్యాలని కాదు... మీ చేత ఒక్క మాట అనిపించుకోవాలని తోమాను!”

ఆయన మొహం ఒక్కసారి ఎరుపెక్కి, తర్వాత పాలిపోయింది. మేడమ్‌కి ఎటు చూడాలో తెలియలేదు. మాట మార్చడానికన్నట్టు “ఇంకేమైనా కడిగావామ్మా?” అని అడిగారు.

కోడలు కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి చిన్న గిన్నె తెచ్చింది. నీళ్ళల్లో బొటనవేలంత పచ్చటి ముద్ద.

“ఓస్, అదా! కరిగిన రాగి తుక్కు అది. ఇరవై ఏళ్ళుగా నా చీటీలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంటున్నాను” అన్నారు మామగారు నీరసంగా, మేడమ్‌తో.

“తుక్కు కాదండీ... ఇందులో బట్ట ఉంది.”

“బట్టా?” మేడమ్ లేచి నిలబడ్డారు.

“మట్టి కరిగాక బ్రష్షు ఆనించబోయి ఆగిపోయాను. ఇటు చూడండి... పడుగు, పేక. నేను బట్టలు కుట్టేదాన్ని, నేత నాకు తెలియదా? ఇది మడత. ఇది ముడి.”

మేడమ్ గిన్నె మీదికి వంగి భూతద్దం పెట్టారు. ఒక నిమిషం... రెండు నిమిషాలు... “ఎవరూ ముట్టుకోకండి! గట్టిగా ఊపిరి కూడా వదలకండి!” అని కేక పెట్టారు. “రాగి తుప్పు బట్టలోకి దిగి పోగు పోగునా గట్టిపడిపోయింది! లోపల నాణేలు ఒకదాని మీద ఒకటి... నాలుగా? ఐదా? అంచులు కనిపిస్తున్నాయి! కట్టిన మూట కట్టినట్టే ఉందండీ! ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటిదాన్ని నేనెప్పుడూ కళ్ళారా చూడలేదు! బ్రష్షు ఒక్కసారి తగిలినా ఈ నేతంతా పొడిపొడిగా రాలిపోయేది. నీళ్ళల్లో వెయ్యడం కూడా తప్పే... ఏదో అదృష్టం బాగుంది! అసలు ఎలా ఆగావమ్మా నువ్వు?”

కోడలు అత్తగారి వైపు తిరిగింది. “అత్తయ్యా, మీ రుమాలు ఒక్కసారి చూపించండి.”

అత్తగారు తెల్లబోతూ బొడ్లోంచి రుమాలు తీసింది. కొసన చిల్లర మూట. రెండు చుట్లు చుట్టి, చివర లోపలికి దోపిన ముడి. కోడలు దాన్ని గిన్నె పక్కన పెట్టింది. మేడమ్ ఇటు చూశారు, అటు చూశారు. రెండు చుట్లు... లోపలికి దోపిన కొస... అదే ముడి!

“రోజూ పొద్దున్నే చూస్తాను కదా ఈ ముడిని” అంది కోడలు మెల్లిగా. “అది కనిపించగానే అత్తయ్యే గుర్తొచ్చారు. ఎవరో ఆవిడ దాచుకున్న మూట... నాకు దాని మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు.”

“పాపం ఏ తల్లో...” అత్తగారికి కన్నీళ్ళు ఆగలేదు. “మళ్ళీ వచ్చి విప్పుకుందామనే కట్టుకుని ఉంటుంది...”

మామగారు ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయారు. పాతవస్తువుల విషయంలో ఎంతటివాళ్ళకైనా పాఠం చెప్పే మనిషి, ఇరవై ఏళ్ళు దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారు! తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

“మీ గది ఖాయమండీ! కమిటీని నేను ఒప్పిస్తాను” అన్నారు మేడమ్, పిల్లలా చేతులు రుద్దుకుంటూ. “ఈ మూటతోనే మొదలవుతుంది మీ గది. కడిగిన పళ్ళెం కూడా పక్కనే పెడదాం. ఏం చెయ్యకూడదో జనానికి తెలియాలిగా!”

ఆ మాటకి కోడలు సిగ్గుతో కుంచించుకుపోయింది. మామగారు మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఒక కొత్త చీటీ తీసుకుని చాలాసేపు రాశారు. రాసింది ఆరేదాకా ఊదారు. తర్వాత అలవాటుగా చీటీని భార్య వైపు చాపారు. “ఏమేవ్, ఇది ఆ అమ్మాయికిచ్చి, సరిగ్గా ఉందో లేదో చూడమను.”

అత్తగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. “నేనివ్వను. సగం మాట దారిలో పారేసుకునేదాన్ని... నన్ను నమ్ముకోకండి. మీరే ఇచ్చుకోండి!”

ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు! ఆయన గోడని చూశారు. గోడ ఏం సాయం చేస్తుంది? ఆఖరికి నాలుగడుగులు వేసి కోడలి ఎదుటికొచ్చారు.

“అమ్మా... చదువు.”

ఆమె చీటీ అందుకుంది. ‘రాగి నాణేల మూట. బట్ట, ముడి చెక్కుచెదరలేదు. తుక్కు కొట్లో దొరికింది. తుక్కు అనుకున్నది: నేను. గుర్తుపట్టింది: మా కోడలు.’ ఆఖరి రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు మసకబారిపోయాయి. పైకి చదవలేకపోయింది.

“తప్పులేమైనా ఉన్నాయా?”

“లేవు... మామయ్యగారూ!”

“ఉన్నాయి. నా తప్పులు ఆ చీటీలో పట్టవు” అన్నారాయన. ఈసారి ఆమె మొహంలోకే చూశారు. “నిన్నటి ఆ రెండో మాట ఉంది చూడు, లోపలి వస్తువుల్ని ముట్టుకోవద్దని... దాన్ని మార్చుకుంటున్నానమ్మా. ముట్టుకో! అంచు పట్టుకుని ముట్టుకోవాలి. రా, చూపిస్తాను.”

కోడలు చీటీని అత్తగారి చేతికిచ్చి, తడిచేతులు పొడిగా తుడుచుకుని ఆయన వెనకాలే బీరువా దగ్గరికి నడిచింది.